గుంట కాడి కెమెరా

ఫోను టింగుమంది. భానుప్రియ నవ్వింది.

విజయభాస్కర్ నోటి దగ్గరికి వెళ్లిన ముద్ద అక్కడే ఆగింది. పులుసులో మామిడికాయ బాగా కుదిరిందని చెప్పబోతున్నవాడు ఆ మాట మింగేశాడు. భార్య ఫోను తిప్పి బల్ల మీద బోర్లా పెట్టి, ఏమీ జరగనట్టు మజ్జిగ గిన్నె అతని వైపు జరిపింది.

"ఎవురు?"

"కోచింగ్ గ్రూపు బావా. హెన్రీ సార్ ప్రశ్న పెట్టినాడు."

"ప్రశ్నకి నవ్వొస్తాదా?"

"తెలిసిన ప్రశ్నయితే వస్తాది."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. విజయభాస్కర్ ఆ ఫోను వీపు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ వారంలో ఆ నవ్వు అతని కంటపడడం మొదటిసారి కాదు.

ఇందుకూరుపేట దాటాక ఉప్పుటేరు పక్కన అతనికి రొయ్యల గుంటలున్నాయి. భానుప్రియ అతని మేనమామ కూతురు. పోయిన డీఎస్సీలో సైకాలజీలో మార్కులు తగ్గి, చేతిదాకా వచ్చిన టీచరు ఉద్యోగం జారిపోయింది. ఈసారి ఎలాగైనా కొట్టాలని నెల్లూరులో కోచింగ్‌లో చేరింది. అక్కడ సైకాలజీ చెప్పేవాడు హెన్రీ.

హెన్రీని విజయభాస్కర్ ఒక్కసారే చూశాడు. భార్యను చేర్పించడానికి వెళ్లిన రోజు. మోచేతుల దాకా మడిచిన తెల్ల చొక్కా. మైకు అక్కరలేని గొంతు. క్లాసు అయిపోయినా కదలకుండా చుట్టూ మూగిన ఆడపిల్లలు. ఆ రోజు విజయభాస్కర్ తన చేతులు వాసన చూసుకున్నాడు. ఎంత సబ్బు పెట్టినా పోని రొయ్యల మేత వాసన. అప్పుడు పడింది విత్తనం.

రొయ్య తోక చూసి దానికేం రోగమో చెప్పగల మనిషి అతను. భార్య నవ్వు చూసి మాత్రం ఏమీ తేల్చలేకపోయాడు.

*

హెన్రీ ఏం చెబుతున్నాడో తెలిస్తే హెన్రీ తెలుస్తాడనుకున్నాడు. అలమరలో భానుప్రియ పాత సైకాలజీ పుస్తకం ఉంది. దాన్ని మేత సంచిలో పెట్టుకుని గుంటల దగ్గరున్న షెడ్డుకు తీసుకుపోయాడు.

"ఏందన్నా, నువ్వూ డీఎస్సీ రాస్తా ఉండావా?" గుంటల్లో పనిచేసే మాల్యాద్రి తొంగిచూశాడు.

"నీ పని నువ్వు చూడరా."

"పాసయితే నన్ను అటెండరుగా పెట్టించన్నా."

పుస్తకంలో ఒక కుక్క ఉంది. దానికి మాంసం పెట్టే ముందు ప్రతిసారీ గంట కొట్టారు. కొన్నాళ్లకు మాంసం పెట్టకపోయినా గంట మోగితే చాలు, దాని నోట్లో చొంగ కారింది. దాన్ని నిబంధనం అంటారట. కుక్క తెలిసి చేసేది కాదు. ఆపుకోగలిగేదీ కాదు.

ఆ పేజీని అతను మళ్లీ చదివాడు. తన ఇంట్లోనూ ఒక గంట మోగుతోంది. నవ్వు పుడుతోంది. మరి ఆ గంట వెనకాల ఉన్న మాంసం ఏమిటి?

కోచింగ్ గ్రూపుకు భానుప్రియ ప్రత్యేకంగా ఒక శబ్దం పెట్టుకుంది. ఇత్తడి గిన్నెను చెంచాతో తట్టినట్టుంటుంది. వెతికి అదే శబ్దాన్ని తన ఫోనులో పెట్టుకున్నాడు. సాయంత్రం ఆమె దోసెలు పోస్తుండగా హాల్లోంచి దాన్ని మోగించాడు.

ఆమె పమిటకు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. ఫోను తీసి చూసింది. ఏమీ లేదు.

"మోగినట్టుందే?"

"నాకేం వినపడలా."

ఆ వెలుగు ఆరిపోయింది. విజయభాస్కర్ గుండెలో మాత్రం మంట అంటుకుంది. దొరికింది, అనుకున్నాడు.

మర్నాడు మోగించాడు. ఆ మర్నాడూ. ప్రతిసారీ ఆమె వచ్చేది, చూసేది, ఉత్త చేతులతో వెనక్కి పోయేది. వారం తిరిగేసరికి శబ్దం వినిపించినా రావడం మానేసింది. అట్లు తిరగేస్తూనే ఉండిపోయింది.

గంట మోగిన తర్వాత మాంసం రాకపోతే కుక్క ఆ గంటను మెల్లగా మరిచిపోతుందని తర్వాతి పేజీలోనే ఉంది. విజయభాస్కర్ ఆ పేజీ తిప్పలేదు. ఇది జాగ్రత్తపడుతోంది, అని తేల్చుకున్నాడు. నవ్వితే అది సాక్ష్యం. నవ్వకపోతే అంతకంటే పెద్ద సాక్ష్యం.

*

అప్పటినుంచి సాయంత్రాలు విచారణతో మొదలయ్యేవి.

"బస్సు ఎందుకు లేటు?"

"టైరు పంచరయింది బావా."

"పక్కన ఎవురు కూచున్నారు?"

"ఇస్కూలు పిలకాయలు."

"క్లాసులో?"

"సాహిరా. రోజూ సాహిరానే. నీకు ఫోటో కూడా చూపించినా గదా."

"సార్ ఇయ్యాళ ఏం చొక్కా ఏసుకున్నాడు?"

ఆమె దానికీ జవాబు చెప్పేది. అడిగితే ఫోను తీసి చేతికిచ్చేది. మెసేజీలన్నీ చదివాక అతని ఛాతీ మీది బరువు దిగేది. అన్నం సహించేది. తెల్లారేసరికి ఆ బరువు మళ్లీ ఎక్కి కూర్చునేది. నిన్న చూపించింది సరే, ఇవాళ? ఆ చొక్కా రంగు అంత బాగా గుర్తుపెట్టుకుందేం?

ఒక సాయంత్రం భానుప్రియ చెప్పుల్లోంచి కాళ్లు తీయకుండానే గుమ్మంలో నిలబడింది.

"బావా, ఇంక నేను చెప్పను."

"ఏంది?"

"నువ్వు అడగతావు. నేను చెప్తా. నీకు చల్లబడతాది. రేపు మళ్లీ అడగతావు. నేను చెప్పబట్టే నీకు అడగడం అలవాటయింది. రోజూ గుంటలో మేత చల్లినట్టు చల్లతా ఉండా. పునర్బలనం అంటారు దాన్ని. ఇంక మేత ఆపేస్తా ఉండా."

"నేను రొయ్యనా?"

"రొయ్య నయం. కడుపు నిండితే ట్రేలో మేత వదిలేస్తాది."

అతనికి కోపం వచ్చింది. ఆమె గొంతులో అది లేదు. అదే అతన్ని భయపెట్టింది.

"ఆపితే ముందు ఎక్కువవుతాదంట, తర్వాతే తగ్గతాదంట. ఎంత ఎక్కువైనా ఓర్చుకుంటా. అరుచుకో, అలుగు, అన్నం మానెయ్. ఒక్కటి మాత్రం ఓర్చుకోను. నా ఎనకాల దొంగమాదిరి వచ్చినావంటే, పరీక్ష రాసి అట్నే తడకి పోతా. మళ్లీ ఈ ఇంటికి రాను."

తడలో ఆమె అక్క వాణి ఉంది. అక్కడి కంపెనీల్లో ఒకదాంట్లో సూపర్‌వైజరు. ఎప్పటినుంచో చెల్లెల్ని రమ్మంటోంది. భానుప్రియ ఉత్తుత్తి బెదిరింపులు చేసే మనిషి కాదని విజయభాస్కర్‌కు చిన్నప్పటినుంచీ తెలుసు. అయినా ఆ క్షణంలో అతని బుర్రకు తట్టింది ఇదొక్కటే: చెప్పనంటోంది. అంటే చెప్పకూడనిది ఏదో ఉంది.

*

మర్నాడు అతను గుంట గట్టు మీది స్తంభం ఎక్కి కెమెరా ఊడదీశాడు. రొయ్యల దొంగల కోసం పెట్టించిన కెమెరా అది. గట్టు మీద ఎవరు నడిచినా, నీళ్లలో గాలి కలిపే ఏరేటరు ఆగినా అతని ఫోనులోనూ మాల్యాద్రి ఫోనులోనూ కనపడేది.

"గుంట కాడి కెమెరా ఇంటి కాడ ఎందుకన్నా?" కింద నిచ్చెన పట్టుకున్న మాల్యాద్రి అడిగాడు. "రొయ్యలు వీధిలోకి నడిచొస్తాయా?"

"మా వీధిలో నీళ్ల మోటర్లు దొంగతనంగా పోతా ఉండాయంట."

"మా వీధిలో ఏం పోలేదే."

"మీ వీధిలో పోయేదానికి ఏముందిరా?"

ఇంటి ముందు గోడకు దాన్ని బిగించాడు. చూపు గేటు వైపే ఉన్నట్టుంటుంది. కానీ భానుప్రియ కూర్చుని చదువుకునే వసారా మొత్తం అందులో పడుతుంది. ఆమె వచ్చి కెమెరాను చూసింది. తర్వాత మొగుణ్ని చూసింది. "ఊ" అని లోపలికి పోయింది.

ఇక మాల్యాద్రి ఫోనుకు ఆ బొమ్మ అందకుండా చేసి, తనొక్కడే చూడడం మొదలుపెట్టాడు. ఉప్పు గాలికి కెమెరా మైకు ఎప్పుడో చచ్చిపోయింది. బొమ్మ తప్ప మాట లేదు. ప్రతిరోజూ మధ్యాహ్నం షెడ్డులో కూర్చుని ముందురోజు సాయంత్రాన్ని తిప్పి చూసేవాడు.

వసారాలో ప్లాస్టిక్ కుర్చీ. ఒళ్లో పుస్తకం. చెవి దగ్గర ఫోను. భానుప్రియ నవ్వుతోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా, ఒకసారి కుర్చీలోంచి జారిపోయేంతగా. పెళ్లయిన కొత్తలో మైపాడు బీచి ఇసుకలో అతను కాలు జారి పడ్డప్పుడు నవ్విన నవ్వది. ఆ నవ్వు తనకు వచ్చి ఎన్నాళ్లయిందో అతనికి గుర్తు రాలేదు. శబ్దం లేని ఆ నవ్వును ఆపి చూశాడు. ముందుకు జరిపి చూశాడు. ఎవరికోసం? ఎవరికోసం?

అప్పుడు కనిపించింది.

నవ్వుతున్న భానుప్రియ ఉన్నట్టుండి తలెత్తింది. నవ్వు తెగిపోయింది. ఫోను కట్టేసి పుస్తకం కింద పెట్టింది. పమిట సర్దుకుని నిటారుగా కూర్చుంది. ముఖంలో ఏమీ లేదు. కాసేపటికి గేటు తెరుచుకుని బుల్లెట్ మీద విజయభాస్కర్ తనే లోపలికి వచ్చాడు.

ముందురోజు రికార్డింగు తీశాడు. అదే. దానికి ముందురోజు. అదే. నవ్వు, తలెత్తడం, ఫోను దాచడం, తన రాక.

తను వస్తున్నట్టు ఆమెకు ముందే తెలుస్తోంది. అంటే ఎవరో కబురు అందిస్తున్నారు.

*

మొదటి అనుమానం మాల్యాద్రి మీద. గుంటల దగ్గర తను బయలుదేరేది చూసేవాడు వాడొక్కడే. వాణ్ని ఐసు కోసం మైపాడు పంపించి, వాడు లేనప్పుడు, రోజూ వెళ్లే వేళ కాకుండా ఇంటికి బయలుదేరాడు. మర్నాడు రికార్డింగు చూశాడు. తలెత్తడం, ఫోను దాచడం, తన రాక. మాల్యాద్రి కాదు.

వీధి మలుపులో దరియావలి పంచరు షాపు. వచ్చేపోయే బండి ప్రతిదీ ఆయన కళ్ల ముందునుంచే పోవాలి. విజయభాస్కర్ అక్కడ ఆగాడు.

"భాయ్, మా ఇంటిదాని నంబరు నీ ఫోన్లో ఉందా?"

పెద్దాయన ట్యూబును నీళ్లలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. తలెత్తలేదు. "ఎందుకబ్బయ్యా? మీ ఇంటికి పంచరు పడిందా?"

"ఊరికే అడిగినా."

"ఊరికే అడిగే మొకం కాదే అది. గాలి దిగిపోయి ఉండాది. కూచో, టీ తాగు."

విజయభాస్కర్ కూర్చోలేదు. ఆ సాయంత్రం మలుపు ఛాయలకే పోకుండా, కాలవ గట్టు మీదుగా చుట్టు తిరిగి వీధి రెండో కొసనుంచి వచ్చాడు. రికార్డింగు మారలేదు. తలెత్తడం, ఫోను దాచడం, తన రాక.

దరియావలి కాదు. అయితే ఎదురింటి కిటికీ? పాలావిడ? మనసులోనే వీధి వీధంతా నిలబెట్టి ఒక్కొక్కరినీ ప్రశ్నించాడు. షెడ్డులో కూర్చుని ఆ రికార్డింగునే వెనక్కి తిప్పుతున్నాడు. ఎదురింటి కిటికీ రెక్క కదిలిందా, లేదా?

"అన్నా! ఏరేటర్లు!"

మాల్యాద్రి కేక గట్టు అవతలనుంచి వచ్చింది. విజయభాస్కర్ లేచి బయటికి ఉరికాడు.

మేత వేసేటప్పుడు గుంటలో తిరిగే ఏరేటర్లు ఆపుతారు. లేకపోతే మేత మధ్యకు కొట్టుకుపోతుంది. రొయ్యలు తినగానే మళ్లీ వేస్తారు. లేకపోతే నీళ్లలో గాలి తగ్గిపోయి రొయ్యకు ఊపిరాడదు. ఇన్నేళ్లలో అతను ఎన్నడూ మరిచిపోని పని అది. ఏరేటర్లు ఆపి, మేత వేయించి, ఫోను తీశాడు. అంతే గుర్తుంది.

గుంట అంచుల వెంబడి రొయ్యలు పైకి తేలి మీసాలు ఆడిస్తున్నాయి. కాకులు గట్టు మీద బారులు తీరాయి. ఇద్దరూ స్విచ్చుల దగ్గరికి పరిగెత్తారు. చక్రాలు నీళ్లను చిమ్మడం మొదలుపెట్టాయి. ఆక్సిజన్ మాత్రలు దోసిళ్లతో విసిరారు. చాలామటుకు రొయ్యలు కిందికి దిగాయి. దిగనివి తెల్లగా అంచుకు కొట్టుకొచ్చాయి.

మాల్యాద్రి వాటిని వల బుట్టతో ఎత్తుతూ అన్నాడు, "కెమెరా ఇక్కడుంటే నేను మేత సంచుల కాడినించే చూసుండేవాణ్ని గదన్నా. నువ్వు ఇక్కడే కూచొని చూళ్లేదంటే ఏందో నాకు అర్థం కాలా."

"రేపు మళ్లీ పెడదాం."

"నీ మొకం బాలేదన్నా. ఇంటికి పో."

ఇంటికే. కానీ ఎలా? ఏ దారిన వచ్చినా, ఏ వేళకు వచ్చినా ఆమెకు తెలిసిపోతోంది. అతను ఇంకా మార్చి చూడనిది ఒకటే మిగిలింది.

"నీ మోపెడ్ తాళం ఇయ్యి. నా బండికి పెట్రోలు పోయించుకొని ఎనకాల తీసకరా."

"నా మోపెడ్ మీద నువ్వా? కాళ్లు నేలకి తగలతాయన్నా."

"ఇయ్యరా!"

వెనకాల దొంగలా రావద్దన్న భార్య మాట అతనికి గుర్తుంది. దారి పొడుగునా గుర్తుంది. అయినా మోపెడ్ ఆపలేదు.

*

మోపెడ్‌ను పాల కేంద్రం దగ్గర వదిలి నడిచాడు. పక్క సందులోంచి వచ్చి, వారగా వేసిన గేటులోంచి జరిగి, నీళ్ల ట్యాంకు చాటున నిలబడ్డాడు. వసారా అక్కడికి పది అడుగులుండదు.

భానుప్రియ తలెత్తలేదు. ఎవరూ ఆమెకు కబురు అందించలేదు. ఫోను స్పీకరులో ఉంది.

"ఇప్పుడు చెప్పండమ్మా," అంటోంది ఫోనులోంచి ఒక బరువైన మగ గొంతు. "పునర్బలనం అంటే ఏమిటి?"

విజయభాస్కర్ పిడికిలి బిగిసింది. హెన్రీ. ఇంటికి ఫోను చేసి మరీ.

"చెప్పకపోతే బెంచీ ఎక్కిస్తానమ్మా," అని ఆ గొంతు పగిలి కిచకిచమని ఆడపిల్ల నవ్వయిపోయింది.

"సాహిరా, చంపేస్తా ఉండావే!" భానుప్రియ కళ్లు తుడుచుకుంటోంది. "అచ్చం సార్ దిగినాడు. రేపు క్లాసులో ఆయన నోరు తెరిస్తే నేనేం చెయ్యాల?"

"నవ్వితే ఎలిపోమంటాడు. సరేగానీ, మీ బావ వచ్చే టైము కాలేదా?"

"ఇంకా లేదులే. వస్తే నాకంటే ముందు నా కడుపుకి తెలస్తాది."

"అదేం మాటక్కా?"

వీధి మలుపు దగ్గర ఎక్కడో డుగ్గుడుగ్గుమని బుల్లెట్ చప్పుడు మొదలైంది.

ఆమె తలెత్తింది. నవ్వు తెగిపోయింది. భుజాలు పైకి లేచి చెవుల దగ్గరే ఆగిపోయాయి. "పెట్టేస్తా ఉండా సాహిరా" అన్న మాట సగం గొంతులోనే ఉండిపోయింది. ఫోను పుస్తకం కిందికి పోయింది. చెయ్యి తనంతట తను పమిట సర్దింది. దుకాణం షట్టరు దించినట్టు ఆ ముఖం మీదికి ఏదో దిగింది.

ఇన్నాళ్లూ ఫోనులో చూసిందే. ఇప్పుడు శబ్దంతో చూశాడు.

కుక్క తెలిసి చేసేది కాదు. ఆపుకోగలిగేదీ కాదు. ఆ గంటను అతను మాల్యాద్రిలో వెతికాడు, దరియావలిలో వెతికాడు, ఎదురింటి కిటికీలో వెతికాడు. దాని మీద ఎక్కి కూర్చునే రోజూ ఇంటికి వచ్చాడు.

బుల్లెట్ లోపలికి వచ్చి ఆగింది. దిగినవాడు మాల్యాద్రి. భానుప్రియ కుర్చీలోంచి లేచింది. ముఖం మీద దిగింది సగానికి లేచింది.

"నువ్వా? మీ అన్న యాడ?"

"అన్న నా మోపెడ్ మీద ముందే వచ్చినాడే వదినా! ఇంకా రాలా?" మాల్యాద్రి చుట్టూ చూశాడు. "అదుగో, ట్యాంకు కాడ. ఏందన్నా, కొళాయి కారతా ఉందా?"

*

మాల్యాద్రి తాళం అరుగు మీద పెట్టి మోపెడ్ వెతుక్కుంటూ పోయాడు. విజయభాస్కర్ ట్యాంకు చాటునుంచి వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"భానూ, నేను చూసినా. బండి చప్పుడికి నువ్వు..."

"నాకు తెలుసు బావా."

"ఎప్పటినించి?"

"నీకు తెలిసేదానికి కెమెరా కావాల్సొచ్చింది. నాకు అక్కర్లా. నా ఒళ్లే గదా."

"మరెందుకు చెప్పలా?"

"చెప్పడం ఆపేసినా గదా."

ఆమె పుస్తకం తీసుకుంది. దాని కింది ఫోను తీసుకుంది. "నేనేదో చేస్తా ఉండానని ముందే అనుకున్నావు. అనుకున్నదానికి సరిపోయేవే నీ కంటికి ఆనినాయి. పక్కనున్నది చూళ్లా. మా పుస్తకంలో దానికీ పేరుండాది. పరీక్షలో వస్తే రాస్తాలే."

"తడకి పోతావా?"

అతను ఆమెను అడిగిన ప్రశ్నల్లో దానికే ఆమె కాసేపు ఆలోచించింది.

"చెప్పినా గదా," అంది.

పరీక్ష వెంకటాచలం దగ్గర ఒక కాలేజీలో. దించుతానన్నాడు. వద్దంది. బస్సెక్కింది. భుజాన ఒక సంచి ఎక్కువ ఉంది. పరీక్ష అయ్యాక ఒక మెసేజీ వచ్చింది: బాగా రాసినా. తడ బస్సెక్కినా. నువ్వు ఫోన్ చెయ్యబాకు. నేనే చేస్తా, చెయ్యాలనిపిస్తే.

*

కెమెరా గుంట గట్టు మీది స్తంభానికి తిరిగి ఎక్కింది. బుల్లెట్ మాల్యాద్రికి ఇచ్చేశాడు. వాడు మేత సంచులు దాని మీద పెట్టుకుని జమీందారులా తిరిగాడు. విజయభాస్కర్ మోపెడ్ మీద మోకాళ్లు ముడుచుకుని తిరిగాడు.

అలవాటు ఆగే ముందు పెరుగుతుందని భానుప్రియ అంది. ఎంత పెరుగుతుందో చెప్పలేదు. ముందు చొక్కా రంగులతోనే సరిపోయేది. ఇప్పుడు అతను ఎన్నడూ చూడని కంపెనీ గేట్లు, క్యాంటీను బల్లలు, షిఫ్టు బస్సులో పక్క సీట్లు కళ్ల ముందు తిరిగాయి. హెన్రీ ఒక్కడే ఉన్నప్పుడు సుఖంగా ఉండింది. ఇప్పుడు తడలో ఉన్న మగవాళ్లందరూ తెల్ల చొక్కాలు మోచేతుల దాకా మడుచుకున్నారు. ఫోనులో ఆమె పేరు మీద వేలు పెట్టేవాడు. తీసేవాడు. ఒకసారి వాణికి చేసి, ఆమె హలో అనేలోపల కట్టేశాడు. ఇంకోసారి తడ బస్సు ఎన్నింటికో కనుక్కుని, బస్టాండు దాకా పోయి, టిక్కెట్టు తీయకుండా వెనక్కి వచ్చాడు.

గుంటకు పోయి ఏరేటర్లు చూసుకున్నాడు. మళ్లీ చూసుకున్నాడు. అలా కొన్ని రోజులు దాటించాడు.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది.

"రేపు వస్తా ఉండా. బస్టాండు కాడికి రా. ఫలితాలు వచ్చేదాకా ఉంటా. తర్వాత చూస్తా."

"వస్తా."

"దేని మీద వస్తావు?"

"మోపెడ్."

అవతల చిన్న చప్పుడు వినపడింది. నవ్వో, దగ్గో తేల్చుకునేలోపల ఫోను ఆగిపోయింది.

మర్నాడు నెల్లూరు బస్టాండులో ప్లాట్‌ఫారం స్తంభం దగ్గర నిలబడ్డాడు. చాటున కాదు, ఎదురుగా. తడ బస్సు వచ్చి ఆగింది. ముందు ఒకతను దిగాడు. ముప్పై దాటి ఉండవు. మెడలో కంపెనీ కార్డు. నీలం చొక్కా, ఇస్త్రీ నలగలేదు. వెనక్కి తిరిగి చెయ్యి చాపి, పైనుంచి ఒక సంచి అందుకున్నాడు. భానుప్రియ సంచి. తర్వాత ఆమె దిగింది. అతనేదో అన్నాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది.

ఎవడు వాడు? సంచి ఎందుకు పట్టుకున్నాడు? దారంతా పక్కనే కూర్చున్నాడా? ఏమన్నాడని అంత నవ్వు?

భానుప్రియ తల తిప్పి అతన్ని చూసింది. అతను ఆమె భుజాలను చూశాడు.

భుజాలు లేవలేదు. నవ్వు కొంచెం తగ్గింది, ఆగలేదు. ఆ మిగిలిన నవ్వుతోనే నీలం చొక్కా అతనికి చెయ్యి ఊపి, సంచి తీసుకుని ఇటు నడిచి వచ్చింది.

"చిక్కిపోయినావు," అంది.

"సంచి ఇటియ్యి."

ఇచ్చింది. కానీ కదల్లేదు. అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"అడగవా?"

"ఏమడగాల?"

"ఎవురాయన అని."

బస్టాండు మైకులో ఏదో బస్సు పేరు చెబుతున్నారు. అది పూర్తయ్యేదాకా విజయభాస్కర్ ఆగాడు. నాలుక మీద ఆ ప్రశ్న సిద్ధంగా ఉంది. దానికి వెయ్యి తోకలున్నాయి.

"అన్నం తిన్నావా?" అన్నాడు.

"తినలా. ఆకలిగా ఉండాది."

హోటల్లో భోంచేశారు. పరీక్షలో వచ్చిన ప్రశ్నలు చెప్పింది. వాణి వంట గురించి చెప్పింది. సాహిరా ఇప్పుడు వాళ్ల మామగారి గొంతు కూడా దించేస్తోందని చెప్పింది. నీలం చొక్కా గురించి చెప్పలేదు. మోపెడ్ మీద వెనక కూర్చుని, గతుకుల దగ్గర అతని భుజం పట్టుకుని, ఇందుకూరుపేట దాకా ఏవేవో చెబుతూనే వచ్చింది. అది తప్ప.

మలుపులో దరియావలి ట్యూబులోంచి తలెత్తి చూసి చెయ్యి ఊపాడు. విజయభాస్కర్ రెండు చేతులూ హ్యాండిలు మీదే గట్టిగా పెట్టుకుని, అడగని ఆ ప్రశ్నను మింగలేక, కక్కలేక, నెమ్మదిగా ఇంటి వైపు తిప్పాడు.